గ్యాలరీ గట్టిదని చెప్పమ్మా

“గ్యాలరీ రాయిలా గట్టిగా ఉందని చెప్పమ్మా,” అన్నారు మామగారు, పై మెట్టు మీద ఆగి ఆయాసపడుతూ.

కోడలు పరిశీలకుడి వైపు తిరిగింది. రెండు దేశాల జట్ల మధ్య జరగబోయే టెన్నిస్ పోటీకి మైదానం ఎంచడానికి అంతర్జాతీయ సంఘం పంపిన మనిషి ఆయన. బరిలో మూడు ఊళ్ళున్నాయి. మిగతా రెండూ చూసేసి ఇక్కడికొచ్చాడు. ఈ ఊరి భాష ఆయనకు ఒక్క ముక్క రాదు. ఆయన భాషను బళ్ళో పిల్లలకు చెప్పేది కోడలే.

నిజానికి క్లబ్బు అధ్యక్షుడు పట్నం నుంచి మంచి దుబాసీని పిలిపిస్తానన్నాడు. క్లబ్బు కార్యదర్శి అయిన మామగారే ఒప్పుకోలేదు. “ఇంట్లో మనిషుండగా బయటివాడెందుకు?” అని పట్టుబట్టారు. “మీరే మాట్లాడెయ్యొచ్చుగా! వయసులో ఓడల మీద వంట చేసి దేశాలన్నీ తిరిగొచ్చారు,” అని ఎవరో ఎగతాళి చేస్తే, “ఆ వంటగదిలో నాకు అంటింది తిట్లేనయ్యా. అవి వినిపిస్తే మ్యాచ్ ఇస్తారా?” అని అందరినీ నవ్వించారు.

నెల రోజులుగా ఊరు పెళ్ళివారిల్లులా ఉంది. కోర్టుకు కొత్త నేల వేశారు. గ్యాలరీ కమ్మీలకు తెల్లరంగు కొట్టారు. పైన పటారం, లోన లొటారం. ఆ రంగు కింద ఏముందో కోడలికి తెలుసు.

రెండేళ్ళ క్రితం, ఫైనల్ చూడ్డానికి జనం కిక్కిరిసిన రోజున, పై వరుసలో కమ్మీ ఊడిపోయి ఆమె భర్త కింద పడ్డాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. “కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. పోయినవాడు ఎలాగూ తిరిగిరాడు. నిజం చెబితే క్లబ్బు మూతపడుతుంది,” అని అధ్యక్షుడు మామగారి చెవిలో ఊదాడు. మావాడే కాలుజారాడని మామగారు పోలీసులకు చెప్పారు. కన్నతండ్రి మాట కాదనేదెవరు? ఊడిన కమ్మీని మళ్ళీ అక్కడే అతికించారు. ఆ రోజు నుంచి కోడలు ఆయనకు వేళకు అన్నం పెడుతోంది, మందులిస్తోంది. ముఖం చూసి మాట్లాడటం మాత్రం మానేసింది.

ఇప్పుడు మ్యాచ్ వస్తే వేలమంది ఈ మెట్ల మీదే కూర్చుంటారు. తన కూతురు కూడా. “నాన్న కూర్చున్న వరుసలోనే కూర్చుంటానమ్మా,” అంటోంది పిల్ల. ఆ మాట విన్నప్పటి నుంచి తల్లికి కంటి మీద కునుకు లేదు.

“చెప్పు తల్లీ,” అన్నారు మామగారు మళ్ళీ.

ఆమె పరిశీలకుడి భాషలో నెమ్మదిగా చెప్పింది. “ఈ రంగు కింద అంతా తుప్పే. ఇక్కడి నుంచి పడే నా భర్త చనిపోయాడు. ఈయన కొడుకు.”

పరిశీలకుడు ఉలిక్కిపడ్డాడు. “ఈయన చెప్పమన్నది ఇదేనా?”

“కాదు. గట్టిగా ఉందని చెప్పమన్నారు. ఈ మాట నాది. దయచేసి ఆయన దగ్గర బయటపడకండి.”

“ఏమంటున్నాడమ్మా?” అడిగారు మామగారు.

“బాగుందంటున్నారు మామయ్యా.”

“అలాగా. సంతోషం.” మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎంతసేపు తుడిచినా ఆయనకు తృప్తి కలగలేదు. “మెట్ల కింద దూలాలు కూడా చూపించు. గట్టిగా ఉన్నవాటిని దాచుకోవడమెందుకు?”

తన గోతిలోకి తనే దిగుతున్నాడు ముసలాయన అనుకుంది కోడలు. అయినా తీసుకెళ్ళి చూపించింది. అక్కడికి రంగు కూడా చేరలేదు. పరిశీలకుడు తాళంచెవితో గీకితే దూలం పెచ్చులు పెచ్చులుగా రాలింది. మామగారు అటు తిరిగి నిలబడ్డారు.

కింద అధ్యక్షుడు, సభ్యులు పూలగుత్తులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. పరిశీలకుడు అవి అందుకోలేదు. “ఇక్కడ పోటీ పెట్టలేం. ఈ గ్యాలరీ కూల్చేదాకా దీని మీదికి ఎవరినీ ఎక్కనివ్వొద్దని మీ ప్రభుత్వానికి కూడా చెబుతాను,” అన్నాడు. కోడలు ఈసారి అక్షరం పొల్లుపోకుండా ఊరి భాషలో చెప్పింది.

అధ్యక్షుడు మామగారి మీదికి లేచాడు. “నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలు చేశారు కదయ్యా! ఇంటి మనిషి ఇంటి మనిషి అని ఈవిణ్ణి తెచ్చారు. ఏం చెప్పిందో ఏమో!”

“అమ్మాయిని ఏమీ అనొద్దు. నేను చెప్పమన్నదే చెప్పింది,” అన్నారు మామగారు. “తప్పుంటే నాది. రేపటి నుంచి ఇంకో కార్యదర్శిని చూసుకోండి.”

ఎవరూ వద్దనలేదు. తలా ఒక మాట అని వెళ్ళిపోయారు.

కోడలు క్లబ్బులో ఓ ఖాళీ గదిలో కూర్చుని ఏడ్చింది. చేసినదానికి కాదు, మళ్ళీ చేయమన్నా అదే చేస్తుంది. కానీ కొడుకు పోయాక ఆయనకు మిగిలింది ఈ క్లబ్బొక్కటే. అదీ తన నోటితోనే పోగొట్టింది. పైగా ఆయన ఏమీ తెలియక తనను వెనకేసుకొచ్చారు. ఇంటికెళ్ళేదాకా ఆగడం కూడా మోసమే, ఇప్పుడే చెప్పేయాలి అనుకుని కళ్ళు తుడుచుకుని బయటికొచ్చింది.

గేటు దగ్గర పరిశీలకుడు మామగారి రెండు చేతులూ పట్టుకుని ఏదో అడుగుతున్నాడు. పాపం, అర్థంకాక ఎంత అవస్థపడుతున్నారో అని ఆమె మాట అందించడానికి గబగబా నడిచింది.

“అమ్మాయి చెప్పిందంతా నిజమే,” అంటున్నారు మామగారు, పరిశీలకుడి భాషలోనే.