కిటికీ పక్క బల్ల

లైబ్రేరియనమ్మకు చాలా ఏళ్ళుగా ఒక అనుమానం ఉంది. వెనకటి మనుషులు నిజంగానే అంత బుద్ధిమంతులా? అయితే ఆ బుద్ధులన్నీ వాళ్ళకు ఏ వయసులో వచ్చాయి? దేవుడి ముందు కళ్ళు మూసుకున్నా ఈ ప్రశ్నే వచ్చి కూర్చునేది. పెద్దవాళ్ళను అనుమానించడం పాపమేమోనని లెంపలు వేసుకునేది. మర్నాడు మళ్ళీ అదే అనుమానం.

ఆ సాయంత్రం కమిటీ వాళ్ళు ఆమె గదిలోనే సమావేశమయ్యారు. అధ్యక్షుడు రిటైరైన ఇంజినీరు. కార్యదర్శి రిటైరైన హెడ్మాస్టరు. మూడో సభ్యురాలు ఇంజినీరు గారి భార్య. అద్దాల తలుపులోంచి చదువుకునే హాలు కనిపిస్తోంది.

“చూడండి వాళ్ళ ధైర్యం,” అన్నాడు ఇంజినీరు.

కిటికీ పక్క బల్ల దగ్గర ఒక అమ్మాయి, ఒక అబ్బాయి ఒకే పుస్తకంలో తలలు పెట్టి కూర్చున్నారు. అమ్మాయి పగలంతా మందుల షాపులో నిలబడి పనిచేస్తుంది. అబ్బాయి కరెంటు పనులకు వెళ్తాడు. ఇద్దరూ ఒకే ఉద్యోగ పరీక్షకు కట్టారు. ఇంకా నలభై రోజులే ఉన్నాయి. లైబ్రరీలో ఆ పుస్తకం ఒక్కటే ఉంది.

“చదువుకుంటున్నారండీ,” అంది లైబ్రేరియనమ్మ.

“చదువుకోవడానికి నవ్వెందుకమ్మా? ఇందాక నవ్వారు. నేను చూశాను,” అన్నాడు హెడ్మాస్టరు.

“లెక్క కుదిరిందేమోనండీ.”

“ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పాను. ఒక్కడూ నవ్వలేదు.”

ఇంజినీరు గారి భార్య నిట్టూర్చింది. “మా రోజుల్లో మగపిల్లాడు ఎదురొస్తే రోడ్డు అవతలికి వెళ్ళిపోయేవాళ్ళం.”

“మేమైతే పుస్తకంలోంచి తల ఎత్తితే ఒట్టు,” అన్నాడు ఇంజినీరు.

ఐదు నిమిషాల్లో తీర్మానం అయిపోయింది. సాయంత్రం ఐదు దాటాక పాతికేళ్ళ లోపు వాళ్ళకు హాలు మూసెయ్యాలి. అందుకు అనుమతి కోరుతూ పై ఆఫీసుకు అర్జీ పంపాలి.

తలుపు తీసుకుని అమ్మాయి లోపలికి వచ్చింది. మాటలన్నీ వినపడినట్టున్నాయి.

“నేను షాపులోంచి బయటపడేదే ఆరింటికి తాతగారూ. మా ఇల్లు ఒక్క గది. ఆరుగురం. ఈ హాలు మూసేస్తే నా పరీక్ష గంగలో కలిసినట్టే.”

“అది సరే. ఆ అబ్బాయి నీకేమవుతాడు?” అని అడిగాడు ఇంజినీరు.

“ఇప్పటికి పుస్తకంలో సగం వాటాదారు. రేపు ఇంకేమైనా అయితే, మేం చూసుకుంటాం.”

“నోరు చూశారా,” అన్నాడు హెడ్మాస్టరు.

“మేం చేసిన తప్పేమిటో చూపించండి, వెళ్ళిపోతాం. పక్కన కూర్చోవడమే తప్పయితే రేపటి నుంచి నిలబడి చదువుతాం. హాలు మాత్రం వదలం.”

వెళ్తూ తలుపు మెల్లగా వేసింది. దబాలున వేసినా బాగుండేదనిపించింది లైబ్రేరియనమ్మకు.

“అర్జీ నువ్వే రాయమ్మా. నీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి,” అన్నాడు హెడ్మాస్టరు. “ఈ కాలపు భాష వద్దు. అర్జీ అంటే అర్జీలా ఉండాలి.”

“పాత ఫైళ్ళు చూసుకుని రాస్తానండీ.”

మూడో రోజుకి రాసి తెచ్చింది. నిలబడి చదివింది.

“ఈ మధ్య యువతకు పెద్దలన్న భయభక్తులు బొత్తిగా నశించినవి. కిటికీ చెంతనున్న బల్ల వద్ద ఒక యువకుడును ఒక యువతియు ప్రతి సాయంకాలము పక్కపక్కనే కూర్చుండి, చదువు నెపమున గుసగుసలాడుచు నవ్వుకొనుచున్నారు. పెద్దలు వచ్చినను లేవరు. మందలించిన ఎదురు చెప్పుదురు. మా కాలమున ఇట్టి అనాచారము ఎరుగము. కావున ఇట్టి యువతకు సాయంకాలము ప్రవేశము తక్షణమే నిలిపివేయ ప్రార్థన.”

“అదీ భాషంటే,” అని హెడ్మాస్టరు బల్ల చరిచాడు.

“కళ్ళకు కట్టినట్టుంది. ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు,” అన్నాడు ఇంజినీరు.

“రాసిన చేతికి దండం పెట్టాలి,” అంది ఆయన భార్య.

ముగ్గురూ వరసగా సంతకాలు చేశారు.

లైబ్రేరియనమ్మ ఉద్యోగం ఈ ముగ్గురి నోటి మాట మీద నిలబడింది. ఇంకా ఎనిమిదేళ్ళ సర్వీసు ఉంది. అయినా దేవుడి మీద భారం వేసి, సొరుగు లాగి ఇంకో కాగితం తీసింది. దాన్ని ఇంజినీరు గారి భార్య ముందు పెట్టింది.

“ఇదేమిటమ్మా?”

“దీనికి జవాబు బాకీ ఉందండీ. అది మీరే రాయాలి. లేకపోతే ఈ అర్జీ నా చేత్తో నేను పంపను.”

“ఏమిటీ దబాయింపు?” అన్నాడు ఇంజినీరు.

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చదివింది. సగంలో ఆగింది. మళ్ళీ మొదటి నుంచీ చదివింది. కాగితాన్ని భర్త వైపు తోసింది. ఆయన చదివాడు. తర్వాత ఎటు చూడాలో తెలియనట్టు గోడ గడియారం వైపు చూస్తూ ఉండిపోయాడు.

“ఏముంది అందులో?” అని హెడ్మాస్టరు మెడ చాచాడు.

“మీరుండండి అన్నయ్యగారూ.”

ఆవిడ పెన్ను తీసుకుంది. అర్జీ మీద తన సంతకం కొట్టేసింది. భర్త సంతకం కూడా తనే కొట్టేసింది. ఆయన అడ్డు చెప్పలేదు. రెండో కాగితం అడుగున ‘జవాబు’ అన్న చోట, ఖాళీగా ఉన్న గీత మీద గట్టిగా నొక్కి రాసింది.

“వాళ్ళను కూర్చోనివ్వండి.”

ఆ కాగితం యాభై ఒక్క ఏళ్ళ కిందట ఇదే లైబ్రరీకి వచ్చిన అర్జీ. లైబ్రేరియనమ్మ దాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసింది, వదిలేసిందల్లా కిటికీ పక్కన కూర్చున్న ఆ యువతి పేరూ, ఆ యువకుడి పేరూ, అంటే ఆవిడదీ, ఇంజినీరు గారిదీ.