గొట్టం దగ్గర చుక్కి

సముద్రం అడుగున పీతలకు ఒకటే కట్టుబాటు: పైన తమను తినేసే చాటలాంటి టేకు చేప నీడ పడితే ముందు బొరియలో దూరాలి, ఏమిటని తర్వాత అడగాలి. గవ్వమ్మ ఏనాడూ అది తప్పలేదు. దాని చెల్లెలు చుక్కి మాత్రం ఈమధ్య గొట్టం దగ్గర కాపురం పెట్టింది. ఒడ్డున మనుషుల బెంగ పోవడానికి మాత్రలు చేసే ఫ్యాక్టరీ ఉంది. దాని మురికినీళ్లు ఆ గొట్టంలోంచే వస్తాయి.

నీడ పడినా చుక్కి కదలడం లేదని విని, గవ్వమ్మ ప్రాణాలు డెక్కల్లో పెట్టుకుని పరిగెత్తింది.

"ఇంటికి నడవ్వే! టేకు చేప నోట్లో పడతావు."

"నువ్వు పుట్టిందే బెదరడానికి అక్కా. కాసేపు కూచో, ఇక్కడి నీళ్లు ఎంత హాయిగా ఉన్నాయో!"

"నిన్ను తీసుకెళ్లేదాకా కదలను," అని గవ్వమ్మ భీష్మించుకు కూచుంది. మొదటిరోజు తిట్టింది. రెండోరోజు బతిమాలింది. మూడోరోజు ఎందుకొచ్చిందో గుర్తుంది గానీ, తొందరేముందిలే అనిపించింది.

నాలుగోరోజు పెద్ద నీడ పడింది.

"అక్కా, టేకు చేప," అంది చుక్కి.

"చూశానే," అంది గవ్వమ్మ. "ఇంకా దగ్గరికి రానీ, ఎంత పెద్దదో చూద్దాం."