చపాతీ పీట మీద పాఠం

"ఛీ, రోత! తినేదాంతోని మిషన్ల ముచ్చట్లేంది?" బసవ్వ ముక్కు మూసుకుంది.

కోడలు మహానంద చేతులకు ఫ్యాక్టరీ నూనె వాసన ఇంకా పోలేదు. ఎదురుగా కూర్చున్న ఆమె భర్త శివరాజ్ నవ్వాడు.

"ఊకో అమ్మా. రేపు నీ కోడలికి పరీక్ష. నేర్చుకోనీ."

నౌబాద్ పారిశ్రామికవాడలోని ఓ ఇనుప విడిభాగాల యూనిట్‌లో మహానంద ప్యాకింగ్ చేస్తుంది. నెలాఖరుకు ఆ ప్యాకింగ్ ఎత్తేస్తున్నారు. మిల్లింగ్ మిషను పరీక్ష పాసైతే ఆపరేటర్. లేకపోతే ఇంటికే.

శివరాజ్ చపాతీ కర్రను అడ్డంగా పట్టుకున్నాడు.

"లేత్ మిషనంటే ఇట్ల. తిరిగే కర్ర పొడుగంతా జెడ్ అక్షం. కర్ర దిక్కు వచ్చిపోయే కత్తిది ఎక్స్." తర్వాత పీట ముందుకు లాగాడు. "మిల్లింగ్‌ల తిరిగేది ఇనుమును చెక్కే కట్టర్. నిలువుగ ఉంటది. అందుకే జెడ్ కిందికి, మీదికి. పీట మీద కుడి ఎడమలు ఎక్స్. ముందు వెనకలు వై."

"మరి ప్లస్, మైనస్?"

ఫోన్లో మిషను బొమ్మ చూపించాడు. ఓపికగా పీటను కుడికి జరిపాడు.

"ఈ పీట మిషను టేబుల్ అనుకో. టేబుల్ కుడికి పోవాల్నంటే ఎక్స్ ప్లస్ ఒత్తు. ఎడమకైతే మైనస్. మర్వకు."

చపాతీలు కాలుస్తున్నంతసేపూ ఆమె అదే వల్లించింది.

మర్నాడు సూపర్‌వైజర్ గుండప్ప పక్కన నిలబడ్డాడు. కట్టర్‌ను చల్లబరిచే పాత కూలెంటు ద్రవం కుళ్లిన గుడ్ల కంపు కొడుతోంది. మహానందకు అదేమీ పట్టలేదు. కట్టర్‌కు కుడి పక్కనే, టేబుల్ మీద ఇనుప ముక్క బిగించి ఉంది.

"టేబుల్‌ను ఇంకింత కుడికి జరుపమ్మా."

ఎక్స్ ప్లస్ ఒత్తింది. టేబుల్ ఎడమకు దూసుకొచ్చింది. ఇనుప ముక్క కట్టర్‌కు గుద్దుకుంది. కట్టర్ టప్పున విరిగింది.

గుండప్ప తల కొట్టుకున్నాడు.

"జరిగేది టేబులే గానీ లెక్క కట్టర్‌ది! టేబుల్ ఎడమకొస్తే కట్టర్ కుడికి పోయినట్టు. అదీ ఎక్స్ ప్లస్. మొదటి రోజు చెప్పే పాఠమమ్మా ఇది. ఎవరు నేర్పిన్రు నీకు?"

మహానంద విరిగిన కట్టర్ ముక్కను ఏరి పక్కన పెట్టింది.

సాయంత్రం శివరాజ్ మిర్చి బజ్జీలు తెచ్చాడు.

"పోనీ తియ్యి. ఆడోళ్లకు అయ్యే పని కాదది. ఇంట్ల హాయిగ ఉండు."

భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె దులుపుకున్నట్టు లేచి వెళ్లింది. చపాతీ కర్రనూ పీటనూ సబ్బుతో కడిగింది. మళ్లీ కడిగింది.

"ఏమంటిందే వాటికి?" అంది బసవ్వ.

"రోత పుడ్తాంది అత్తమ్మా."

"నేను చెప్పలే? ఆ మిషన్ల కంపే అంత." బసవ్వ బజ్జీ కొరికింది.

తెల్లారి శివరాజ్ ఎప్పటిలాగే టిఫిన్ డబ్బా తగిలించుకుని బండెక్కి డ్యూటీకి పోయాడు, నౌబాద్‌లోనే ఇంకో యూనిట్‌లో, కొత్తగా చేరినవాళ్లకు మిల్లింగ్ మిషను నేర్పడానికి.