కొక్కెం సంతకం

"చిల్లర లేదమ్మా. ఈ కాయితమే ఉంది."

గడ్డం మాసిన కొత్త మనిషి ఫిదెలా అంగట్లో రెండు తమాలెలు, ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న ముద్దలు, అడిగి, అట్టముక్కలాంటి నోటు చాచాడు.

ఫిదెలాకు అది వింతేం కాదు. యుద్ధం మొదలయ్యాక దురాంగో ప్రాంతంలో వెండి పెసో నాణెం కంటబడితే ఒట్టు. ఏ ఊరి నోట్లు ఆ ఊరే అచ్చేసుకుంటోంది.

కానీ నోటు కింద సంతకం చూసేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

కొక్కెంలా వంగిన తోక. చదువు రాకపోయినా ఆ తోకను ఈ జన్మకు మరిచిపోదు.

నిరుడు ఆమె మొగుడు అబుందియో దగ్గర, ఊళ్లో అప్పటికింకా ఎవరూ చూడని అలాంటి నోట్లే దొరికాయి. దొంగనోట్లన్నాడు ఊళ్లో మకాం వేసిన దండు కెప్టెన్. తలుపులు మూసుకుని విచారణ జరిపాడు. తెల్లారేసరికి అబుందియోను గోడకు నిలబెట్టి కాల్పించాడు. అతని కంచరగాడిదల్ని తన కొట్టంలో కట్టేసుకున్నాడు.

ఆ నోట్లు చేసినవాడు తన కళ్ల ముందు చావాలి. అప్పట్నించీ ఫిదెలా దేవుణ్ణి అడిగింది అదొక్కటే.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదేనమ్మా. నువ్వు అబుందియో ఇల్లాలివి కదూ? నీకోసమే కొండ దిగొచ్చాను. ఓ మాట..."

ఆమె అతని జుట్టు దొరకబుచ్చుకుంది.

"నా మొగుణ్ణి మింగింది చాలక, నా చేతి కూడు తినడానికొచ్చావురా! సార్జెంటూ! దొంగనోట్లవాడు!"

అతను విదిలించుకోలేదు.

"ఆ మాట వినమ్మా..."

"నా మొగుడికే చెప్పుకో, పో!"

పశువుల దొడ్డి వెనక తుపాకులు పేలాయి. ఫిదెలా పట్టుబట్టి వెళ్లి కళ్లారా చూసింది. శవం మీద ఉమ్మింది. చాన్నాళ్లకు ఆ పూట ఆకలేసింది.

సాయంత్రం సార్జెంటు నవ్వుకుంటూ వచ్చాడు.

"శభాష్ వదినా! కొండలన్నీ గాలించినా దొరకనోణ్ణి పట్టిచ్చావు. కెప్టెన్ గుండెల మీద కుంపటి దించావు."

"దొంగనోట్లవాడంటే కెప్టెన్‌కి భయమేంటి?"

"దొంగనోట్లేంటి?" తమాలె నములుతూనే ఆశ్చర్యపోయాడు సార్జెంటు. "నీకు తెలీదా? గడ్డం పెంచాడు గానీ, వాడు విచారణ రాత్రే కొండల్లోకి తప్పించుకున్న మన పాత ఖజానాదారు. నీ మొగుడి నోట్లు వాడు కొత్తగా అచ్చేయించిన అసలైనవే. గాడిదల మీద కెప్టెన్ కన్నుపడింది, అంతే."

ఫిదెలా గరిటె కింద పెట్టింది.

"ఆ రోజు విచారణలో, 'సంతకం నాదే, కాలిస్తే ముందు నన్ను కాల్చండి' అని అబుందియోకి అడ్డం నిలబడ్డ మగాడు వాడొక్కడే."