తాళం దాకా వచ్చిన కరెంటు

“బ్యాటరీ బాగుండాది. ఫ్యూజు బాగుండాది. బండి మాత్రం ఉలకదు, పలకదు,” అన్నాడు మెకానిక్ శరవణన్, టెస్ట్ ల్యాంపు చేతిలో పట్టుకుని.

తిరువళ్లూరులోని అతని షెడ్డుకు ఆ బండి రావడం ఇది మొదటిసారి కాదు. పాల్‌రాజ్ దాన్ని ఊత్తుకోటలో సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఇంజను మంచిది, చెయిను మంచిది, టైర్లు కూడా ఉన్నంతలో మంచివే. కానీ ఉన్నట్టుండి ఒక్కో ఉదయం తాళం తిప్పితే లైటు వెలగదు, హారను మోగదు, స్టార్టరు కదలదు. పట్టాభిరామ్‌లో అతను పనిచేసే ఫ్యాక్టరీ సూపర్‌వైజరుకు ఈ కథ విని విని విసుగొచ్చింది.

“పాత ఓనరు ఏమన్నా గెలికి పెట్టినాడేమో అన్నా?”

“ఎవురి బండి చెడిపోయినా మీరందరూ తిట్టేది ఆ పాత ఓనర్నే గదా, పాపం.”

శరవణన్ టెస్ట్ ల్యాంపు ముల్లును ఒక్కో వైరుకూ తాకిస్తూ వెళ్లాడు. ఫ్యూజు దాటాక బల్బు వెలిగింది. తాళం స్విచ్చిలోకి వెళ్లే వైరు దగ్గరా వెలిగింది. అవతలికి వచ్చే వైరు దగ్గర వెలగలేదు.

“చూసినావా? కరెంటు తాళం దాకా వస్తా ఉండాది. తాళం దాటి పోవడంలే.”

స్విచ్చి విప్పి, లోపలి రాగి బిళ్లలను గోటితో గీరాడు. తెల్లని పొడి ఏదో తడిసి గట్టిపడి, చుట్టూ పచ్చగా చిలుము పట్టి ఉంది. వాసన చూసి నవ్వాడు.

“ఇది దుమ్ము కాదు తమ్ముడూ, విభూది. ఆయుధపూజకు హెడ్‌లైటుకు పూసేవాళ్లను చూసినా. నీళ్లతో కలిపి తాళం సందులో కూరేవాళ్లను ఇప్పుడే గదా చూసేది. అవునూ, మీది చర్చి కదా?”

దానికి జవాబు చెప్పాల్సిన మనిషి ఇంట్లో ఉందనుకున్నాడు పాల్‌రాజ్.

అతని భార్య భార్గవిది కొండ మీద గుడి ఉన్న తిరుత్తణి. ఫ్యాక్టరీలో పరిచయమై, ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. ఆ రోజు ఆమె తండ్రి వరదరాజులు “నాకు కూతురే లేదు” అని తలుపు వేసుకున్నాడు. పాల్‌రాజ్ తల్లి కస్తూరమ్మ తలుపు తీసింది గానీ, కోడలి దగ్గర గడప మీదే ఒక మాట తీసుకుంది. ఈ ఇంట్లో విభూది, కుంకుమ ఉండకూడదు. భార్గవి సరేనంది. ఆ సరే మీదే ఇన్నాళ్లూ ఇల్లు ప్రశాంతంగా నడిచింది.

సాయంత్రం పాల్‌రాజ్ చెప్పులు విడిచి నేరుగా వంటగదిలోకి వచ్చాడు.

“బండిలో విభూది పెట్టింది నువ్వేనా?”

“బండిలోనా? విభూదా?”

“తాళం సందులో. ఎవురికీ కనపడకుండా.”

భార్గవి స్టవ్ ఆపేసింది. “నేను కాదు.”

“ఇంకెవురు? అమ్మా? ఆమె ప్రసాదమంటేనే చెయ్యి వెనక్కి తీసుకుంటాది. నీకు మొక్కుకోవాలని ఉంటే నాతో చెప్పుంటే సరిపోయేది. దొంగతనంగా ఎందుకు?”

“మొక్కుకోవాలని ఉండాది. రోజూ ఉండాది. నువ్వు బండి మీదనుంచి పడి మోకాలు పగలగొట్టుకుని వచ్చినావే, ఆ పొద్దు ఇంకా ఎక్కువ ఉండింది. అయినా మాటిచ్చినా గదా, పెట్టలే. నమ్మకుంటే నమ్మలేదని చెప్పేయ్. అలిగి పోదామన్నా నాకు పుట్టిల్లు లేదు.”

నమ్ముతున్నానని పాల్‌రాజ్ అనలేదు. భార్గవికి ఏడుపొచ్చింది అందుకే. పక్కగదిలో బైబిలు చదువుతున్న కస్తూరమ్మ గొంతు ఆగి, కాసేపటికి మళ్లీ మొదలైంది.

కొత్త స్విచ్చి వేశాక బండి ఏ పేచీ పెట్టలేదు. పేచీ అంతా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. భార్యాభర్తల మధ్య అన్నం, కూర, చాలు అనే మాటలు తప్ప మరో మాట లేదు. కట్టుకున్నవాడికి తన మాట మీద గురి పోయాక ఆ ఇంట్లో తాను ఎవరు? భార్గవి గిన్నెలు తోముతూ అదే ఆలోచించేది.

తిరుత్తణి కొండ మీద కృత్తిక పూజ జరిగిన మర్నాడు ఉదయం కుళాయి నీళ్ల కోసం ఆమె బిందె పట్టుకుని బయటికి వచ్చింది. కస్తూరమ్మ బండి సీటు ఎత్తి, కింద ఒక కాగితం పొట్లం దోపుతోంది. “యేసయ్యా, నా బిడ్డల్ని కాపాడయ్యా” అని ప్రార్థిస్తూనే దోపుతోంది. పొట్లం అంచునుంచి విభూది రాలింది.

“అత్తా! మీరా?”

కస్తూరమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

“చెయ్యని తప్పుకు నేను మాటలు పడతా ఉంటే, పక్కగదిలోనుంచి అంతా వింటానే ఉండారు గదా!”

“విన్నా. నోరు పెగల్లేదు. నీకు వద్దన్నదాన్ని నేనే గదా, ఏ మొగం పెట్టుకుని చెప్పేది? వాడు లేస్తానే చెప్పేస్తా తల్లీ. నీ తప్పు లేదని చెప్పేస్తా.” పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. “హెడ్‌లైటుకు పూస్తే వాడు చూస్తాడని తాళంలో పెట్టినా. దాంతో బండి నిలిచిపోతాదని నాకేం తెలుసు?”

“తెలిసినాక కూడా మళ్లీ ఎందుకు పెడతా ఉండారు?”

“మాటిచ్చినా. నువ్వు నాకిచ్చినట్టే నేనూ ఒకరికి ఇచ్చినా. ‘ఇంట్లో వద్దంటే సరి, బిడ్డలు తిరిగే బండిలోనన్నా పెట్టమ్మా’ అని ప్రతి కృత్తికకూ కొండెక్కి తెచ్చిస్తా ఉంటే, ఎట్లా కాదనేది?”

“ఎవురత్తా తెచ్చిచ్చేది?”

“మీ నాయన,” అంది కస్తూరమ్మ.