సగానికి దిగిన డిజైనర్

జయశ్రీ భర్త వెంకట్రాములుకు చెడ్డ అలవాట్లేవీ లేవు. ఒకటో రెండో ఉంటే బాగుండునని ఆమె చాలాసార్లు అనుకుంది. తాగే మనిషైతే కాసేపైనా మత్తులో పడి ఉంటాడు. ఈయన ఎప్పుడు చూసినా కొలతల టేపు పట్టుకుని తెలివిలోనే ఉంటాడు.

వనపర్తిలోని తమ పాత ఫ్లాటును బాగుచేయించాలనుకున్నప్పుడు, డిజైనర్‌ను పెట్టుకుందామని జయశ్రీ అంది. అనడమే పాపమైంది.

"దేనికి? బొమ్మలు గీసినందుకు అరవై వేలా?" అని లేచాడు వెంకట్రాములు. ఆయన కాలువ పనులు చూసే ఇంజినీరు. "ఊర్లకు ఊర్లు నీళ్లు పారిచ్చినోన్ని, వంటింట్ల అల్మారలు చేపియ్యరాదా నాకు?"

ఆయన సొంత తెలివితో పెళ్లయిన కొత్తలో కట్టించిన వంటింటి అర ఇప్పటికీ జయశ్రీ నుదుటికి తగులుతూనే ఉంది. సింకు కింది తలుపు తెరిస్తే ఫ్రిజ్ తలుపు తెరుచుకోదు. ఇంకోసారి ఆయన చేతికి వదిలితే మిగిలిన జన్మంతా తలవంచుకునే వంట చేయాలి.

అందుకని ఆమె దొంగదారి పట్టింది.

ఆత్మకూరు అమ్మాయి మనీషా హైదరాబాద్‌లో డిజైనర్‌గా పనిచేసి, ఈ మధ్యే వనపర్తికి వచ్చి సొంతంగా మొదలుపెట్టింది. బస్టాండు దగ్గరి బేకరీలో జయశ్రీ ఆమెను రహస్యంగా కలిసింది.

"గీతలకే అరవై వేలా పిల్లా?"

"గీతలకు కాదక్క. వడ్రంగుల దగ్గర నిలవడి పని చేపిస్త. వాళ్లు తప్పు కోసిన ప్లైవుడ్ ఎవలది? మీదే గద. నేనుంటే ఆ ఖర్చు మిగుల్తది."

మాట బాగానే ఉంది. అయినా చీరైనా సొరకాయైనా సగం నుంచే బేరం మొదలుపెట్టే నోరు ఊరుకోదు కదా. "ముప్పై ఇస్త. ఇంకో ముచ్చట, మా సారుకు అస్సలు తెల్వద్దు," అంది జయశ్రీ.

ఫ్లాటు ఎక్కడని మనీషా అడిగింది. చెప్పగానే టీ గ్లాసు కింద పెట్టి, జయశ్రీ మొహంలోకి కాసేపు చూసింది.

"సరే అక్క. ముప్పైకే చేస్త. నా నోట్లకెళ్లి ఎవలకూ పోదు."

బేరమంటే ఇలా ఉండాలని జయశ్రీ ఇంటిదాకా నవ్వుకుంటూనే వచ్చింది.

డబ్బు పుట్టించడం కష్టం కాలేదు. కర్టెన్ల ధర భర్తకు కాస్త పెంచి చెప్పింది. టైల్స్ తెచ్చిన ఆటోకు రెండుసార్లు కిరాయి రాబట్టింది. కూరగాయలతో కరివేపాకు ఊరికే వేశారా లేదా అని ఆరా తీసే మనిషి ఈసారి ఒక్క బిల్లూ అడగలేదు.

ఇక మిగిలింది మనీషా ఆలోచనలను తన సొంతంలా ఇంట్లోకి దింపడం. ఆ పని అన్నం వడ్డిస్తూ చేసేది.

"ఏమండీ, స్టవ్వును కిటికీ దిక్కు జరిపితే ఎట్లుంటది?"

ఆమె ఏం చెప్పినా ముందు వద్దని, ఎందుకు వద్దో తర్వాత ఆలోచించే వెంకట్రాములు, "గట్లనే చేద్దాం," అన్నాడు. సొరుగులంటే సరేనన్నాడు. ఫ్రిజ్‌ను మూలకు మార్చాలంటే తనే వెళ్లి వడ్రంగికి చెప్పాడు.

జయశ్రీకి భయం పట్టుకుంది. ఈయనకు ఏదో తెలిసిపోయింది. సాంతం దొరికేదాకా ఆగి, పని మధ్యలో ఆపించేస్తాడు. తర్వాత మళ్లీ ఆ టేపే గతి.

ఒక మధ్యాహ్నం దొరికే పోయింది. మనీషా వంటింట్లో గోడ కొలుస్తుండగా వెంకట్రాములు ఊడిపడ్డాడు.

"ఈ పిల్ల... టైల్స్ షాపు నుంచి వచ్చిందండీ," అంది జయశ్రీ.

ఆయన మనీషా వైపు ఒకసారి, ఆమె చేతిలోని టేపు వైపు ఒకసారి చూశాడు. "ఏ ఊరమ్మా మీది?"

"ఆత్మకూరు సార్."

"మంచిది. జర చాయ్ తాగి పో," అంటూ వచ్చిన పనేమిటో చెప్పకుండానే మళ్లీ బయటికి నడిచాడు. మనీషాకు మాత్రం దగ్గు పట్టుకుని ఎంతకీ ఆగలేదు.

మొత్తానికి పని పూర్తయింది. వంటింట్లో జయశ్రీ తలెత్తుకు తిరుగుతోంది. గద్వాల నుంచి మరిది అరవింద్ వచ్చి, ప్రతి సొరుగూ లాగి చూసి నోరు తెరిచాడు.

"డిజైనర్ ఎవరు, అన్నా?"

"డిజైనర్ ఏంది? మొత్తం మీ వదిన బుర్రనే," అన్నాడు వెంకట్రాములు, ఎవరి వైపూ చూడకుండా.

"గట్లయితే మా ఇల్లు గూడ వదిననే చెయ్యాలె! ఎల్లుండే గోడలు పలగ్గొట్టిపిస్త. డిజైనర్‌కు పెట్టే పైసలతోని నీకు మంచి పట్టుచీర తీసుకుంట వదినా!"

అరవింద్ బస్సెక్కగానే జయశ్రీ భర్త ముందు కుర్చీలో కూలబడింది. తమ ఇల్లు దొంగతనంగా బాగుపడింది సరే, పగలగొట్టిన మరిది గోడలకు ఎవరు జవాబు చెప్పాలి? మనీషా, బేకరీ, కర్టెన్లు, ఆటో కిరాయి, అన్నీ కక్కేసింది.

"అరవై అడిగింది. నేనే ముప్పైకి దించిన," అని చివర్న చేర్చింది, శిక్ష తగ్గుతుందేమోనని.

వెంకట్రాములు అరవలేదు. కొత్త అల్మార తలుపు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

"డిజైనర్ వద్దనుడు నాదే తప్పు జయా," అన్నాడు ఆఖరికి అల్మారలోకే చూస్తూ. "నాతోని కాదని తెలిసి, నీకంటె ముందుగాల్నే పోయి ఆ పిల్లకే సగం అడ్వాన్సు ఇచ్చొచ్చిన. మిగిలిన ముప్పై ఇప్పటిదాక అడుగకపోతే, మర్చిపోయిందని సంబరపడుతున్న!"