ఊడ్చేసిన వరసలు

"గది ఊడవమంటే ముఖం మాడ్చుకుంటావు, ఆస్పత్రివాళ్ళు ఊడవమంటే మాత్రం చేస్తావే?" లాప్‌టాప్‌లోకి తొంగిచూస్తూ అంది అమ్మ.

"ఊడవడం కాదమ్మా, డేటా క్లీనింగ్!" నవ్వింది కూతురు. డేటా సైన్స్ చదువులో ఈ ఏడాదంతా ఆస్పత్రిలోనే పని. "ఫారంలో గళ్ళు ఖాళీగా వదిలేసిన రోగుల వరసల్ని పట్టికలోంచి తీసేస్తున్నా. మిగిలినవాళ్ళని బట్టి ఏ డాక్టర్లు ఎంతమంది కావాలో కంప్యూటర్ చెబుతుంది."

"ఎంతమందిని తీసేశావేంటి?"

"నాలుగొందల మందిని."

"అయితే నన్నూ ఊడ్చేసుంటావులే. మోకాలి నొప్పికి మీ ఆస్పత్రికే వెళ్ళినప్పుడు ఈమెయిల్ గడి ఖాళీగానే ఇచ్చొచ్చా. నాకెక్కడిదే ఈమెయిలు?"

కూతురి నవ్వు ఆగిపోయింది. తీసేసిన వరసల్ని వెనక్కి తెచ్చి చూసింది. ఇంచుమించు అందరూ యాభై దాటినవాళ్ళే. సగం మందివి మోకాళ్ళ నొప్పులే.

"పారబోసేముందు ఓసారి చూసుకోమని చిన్నప్పట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా," అంది అమ్మ. "ఇంతకీ నేను దొరికానా?"